దేవర పిలుపు

ఆ రాజ్యంలో దేవర ఎవరినీ చంపడు. పిలుచుకుంటాడు. సింహాసనం మీద కూర్చున్నది సాక్షాత్తూ దేవుడే కాబట్టి, దేవుడు చంపాడంటే బాగోదు కాబట్టి, ఎవడో తెలివైనవాడు ముందే ఆలోచించి ఆ మాట తయారుచేసి పెట్టాడు. వాడి నోట్లో మన్ను పడ! కోటలో వంట చేసే ఆవిడ కొడుకుని కూడా అలాగే పిలుచుకున్నారు. వాడు చేసిన మహాపరాధం ఏమిటయ్యా అంటే, ఊరేగింపులో దేవర తుమ్మితే ఫక్కున నవ్వాడు. దేవుడికి జలుబేమిట్రా అన్నాడు. మర్నాడు భటులొచ్చి, "అదృష్టవంతురాలివమ్మా, నీ కొడుకుని దేవర పిలుచుకున్నారు" అని చెప్పి చక్కా పోయారు. శవాన్ని కూడా ఇవ్వలేదు.

ఆవిడ ఏడవడానికి లేదు. ఏడిస్తే దేవర పిలుపుని కాదన్నట్టు. పళ్ళు నూరుకుంటూనే కూరలు తరిగింది, గిన్నెలు తోమింది, రోజూ పొద్దున్నే కొలువులో దేవర తాగే పాలు కాచింది.

ఒక ఉదయం ఆవిడ తమ్ముడు వంటింటి వెనక గుమ్మంలోంచి వచ్చాడు. పిల్లలకు చదువు చెప్పుకునే మనిషి. మేనల్లుడంటే ప్రాణం. జేబులోంచి చిన్న పొట్లం తీసి పొయ్యి గట్టు మీద పెట్టాడు.

"పాలల్లో కలిపెయ్యక్కా. ఇవాళ్టితో వాణ్ణి సాగనంపేద్దాం."

"ఏం చేద్దాం?"

"అదే... జనానికి విముక్తి."

"చంపుదాం అనరా. నోరు రాదా?"

తమ్ముడు కంగారుగా గుమ్మం వైపు చూశాడు. "మెల్లిగా అక్కా! ఏ మాటైతే ఏంటి? వాడుంటే ఇంకెంతమంది కొడుకులు పోతారో నీకు తెలీదా? ఇది తప్పు కాదు."

తప్పని ఆవిడా అనుకోలేదు. పొట్లం చేతిలోకి తీసుకుని విప్పబోయింది కూడా. అంతలో చెయ్యి ఆగిపోయింది. దేవర ఎప్పుడూ చివరి గుక్క మిగులుస్తాడు. గిన్నె అందించే చెవిటి తాత అందరి ముందూ దాన్ని కళ్ళకద్దుకుని తాగాలి. ఆ కొలువులో అది ఆనవాయితీ.

"మరి తాత సంగతి?"

"ముసలాడేగా అక్కా, ఇంకెన్నాళ్ళుంటాడు? మంచి పని కోసం పోయాడనుకుందాం."

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

"పోయాడనుకుంటావా? వాళ్ళు పిలిచామన్నారు, నువ్వు పోయాడంటున్నావు! తాతని చంపుతానని నా మొహం చూసి చెప్పరా. చెప్పు!"

తమ్ముడు చూపు తిప్పుకున్నాడు. ఆవిడ పొట్లాన్ని విసురుగా పొయ్యిలో పడేసింది.

"అయ్యో, నీకేమైనా మతిపోయిందా? వాణ్ణి వదిలేస్తావా?"

"ఎవడన్నాడు వదిలేస్తానని?"

పాలు గిన్నెలోకి వంచుకుని తనే బయల్దేరింది. కొలువు నిండుగా ఉంది. చేతులు చాచిన తాతని పక్కకి జరిపి, తిన్నగా వెళ్ళి సింహాసనం ముందు నిలబడింది.

"నా కొడుకుని చంపావు. నిన్ను చంపడానికి ఇందులో విషం కలిపి తెచ్చాను. దేవుడివేగా, ఏమీ కాదు. తాగు."

ముందుగా తేరుకున్నది పెద్ద పూజారి. ఆయనకి దేవరంటే నిజంగానే నమ్మకం, పాపం. "తాగండి దేవరా! దీని పొగరు అణగాలి" అన్నాడు.

దేవర చెయ్యి గిన్నె దాకా వచ్చి వెనక్కి పోయింది. పై పెదవి మీద చెమట పట్టింది.

"పక్కన పెట్టించండి."

"ఎందుకు దేవరా?" అన్నాడు పూజారి. వెటకారం కాదు, ఆయనకి అర్థం కాక అడిగాడు.

"చంపండి దీన్ని!" అని గావుకేక పెట్టాడు దేవర.

కొలువు కొలువంతా విన్నది. ఆవిడ గిన్నె ఎత్తి గటగటా తాగేసి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"ఉత్త పాలురా సన్నాసీ. చక్కెర కూడా వేశాను."

ఆ సాయంత్రమే ఆవిడ ప్రాణం తీశారు. పిలుచుకున్నామని చాటింపు వేయించారు. చాటింపువాడి మాట పూర్తికాకముందే తమ్ముడు నడివీధిలోకొచ్చి, "చంపారు! మా అక్కని చంపారు!" అని గొంతు చించుకున్నాడు. ఒక్కొక్క తలుపూ తెరుచుకుంది. ఆ మాట అనడానికి ఇంకెవరికీ నోరు తడబడలేదు.