డ్రైవరు పక్క సీటు

సువర్ణకుమారి టీచరమ్మ ఎడమ మోకాలు మడవదు. చిన్నప్పుడెప్పుడో విరిగి, అలాగే అతుక్కుపోయింది. షేర్ ఆటో వెనక జనం ఇరుక్కుని కూర్చునే చోట ఆ కాలు పట్టదు. అందుకే ఏడేళ్లుగా నా పక్కన, ముందు సీట్లో, కాలు చాపుకుని కూర్చునేది. బారిడీహ్ స్టాండులో ఆవిడ చేతికర్ర కనబడితే చాలు, ఆ సీట్లో ఎంతటివాడున్నా దిగాల్సిందే. దిగనన్నవాడితో నేను పోట్లాడేవాణ్ణి. ఈ పైడిబాబు నోరు మంచిది కాదని మా లైనంతా ఎరుగుదురు.

ఆవిడ రోజూ వెళ్లేది సాక్చీ దాటాక సిస్టర్లు నడిపే ఆశ్రమానికి. పక్షవాతంతో మంచాన పడ్డ ఆవిడ భర్త శాంతకుమార్ గారు అక్కడుండేవారు. ఆయన్ని లేపి కూర్చోబెట్టే ఓపిక లేక అక్కడ చేర్చింది. మధ్యాహ్నం పన్నెండింటికి మాత్రం ఆవిడే వెళ్లి నాలుగు ముద్దలు పెట్టాలి. ఇంకెవరు పెట్టినా ఆయన తినరు.

"మొండిమనిషి, పైడిబాబూ. మా స్కూలు పిల్లలే నయం," అని నవ్వేది.

రెండు నెలల కిందట సర్కారు నుంచి కొత్త ఆర్డరు వచ్చింది. డ్రైవరు పక్కన ఎవరినీ కూర్చోబెట్టకూడదు. అది తప్పని నేననను. ఆ సీట్లోంచి జారిపడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. కానీ ఆ ఆర్డరు రాసిన గదిలో మోకాలు మడవలేని మనిషి ఒక్కరైనా ఉన్నారా? ర్యాంపున్న కొత్త బస్సులు వేశాం కదా అన్నారు. వేశారు, కాదనను. గంటకొకటి, అదీ డివైడరుకు అవతల ఆగుతుంది. ఆవిడ కర్ర పోటేసుకుంటూ చుట్టూ తిరిగి వెళ్లేసరికి అది కాస్తా వెళ్లిపోతుంది. ఫోనులో ఆటో పిలిస్తే ఆవిడుండే సందులోకి రాలేమని క్యాన్సిల్ చేసేవారు.

అందుకని నేను దొంగచాటుగా తీసుకెళ్లేవాణ్ణి. ఒకరోజు పట్టుకున్నారు. బండి మూడు రోజులు పోలీసు థానాలో ఉండిపోయింది. ఇంట్లో మా ఆవిడ నూకాలమ్మ, ఇంకెప్పుడూ ముందు సీట్లో ఎవరినీ ఎక్కించనని నా చేత ఒట్టు వేయించుకుంది.

బండి బయటికొచ్చిన సోమవారం, పదకొండింటికి టీచరమ్మ క్యారేజీతో వచ్చింది. రెండు గంటలు లైన్లో కాశాక నా నంబరు అప్పుడే వచ్చింది.

"ఈరోజు ఎక్కించుకుంటావా, బాబూ?"

ఒక దారి ఉంది. వెనక సీటంతా ఆవిడకే ఇచ్చేసి, అడ్డంగా కూర్చోబెట్టి తీసుకెళ్లొచ్చు. నేను మురళి వైపు చూశాను. స్టాండులో నంబర్లు పిలిచేది వాడే.

"రిజర్వ్ మే జాయెగా తో నంబర్ కటేగా, పైడి భయ్యా," అన్నాడు.

ఒక్కరి కోసం బయల్దేరితే నంబరు పోయి, మళ్లీ లైను చివరికి వెళ్లాలి. అది మేం పెట్టుకున్న రూలే. ఏ సర్కారూ పెట్టలేదు.

"బస్సుకెల్లిపోండి టీచరమ్మా, ర్యాంపుంది, సుకంగా ఎల్తారు," అన్నాను. "ఏటనుకోకండి, రేపు నేనే తీసుకెల్తాను."

"సరేలే నాయనా," అని ఆవిడ కదిలింది.

పది నిమిషాలకు బండి నిండింది. నేను వెళ్తుంటే ఆవిడ ఇంకా డివైడరు పక్కనే ఉంది. అవతల బస్సు కదిలిపోతోంది. ఆవిడ చెయ్యెత్తింది, బస్సుకో నాకో తెలీదు. నేను తల తిప్పేసుకున్నాను. ఛీ, నాదీ ఒక బతుకేనా!

సాయంత్రం మురళే చెప్పాడు. శాంతకుమార్ గారు మధ్యాహ్నం ఒంటిగంటకు పోయారు. తర్వాతి బస్సు ఆలస్యంగా వచ్చి, టీచరమ్మ చేరేసరికి ఒకటిన్నర అయిందట.

మర్నాడు సమాధుల తోటలో ప్రార్థన అయిపోయి జనం వెళ్లేదాకా గేటు దగ్గరే నిలబడ్డాను. ఆవిడ ఒక్కతే మిగిలాక దగ్గరికెళ్లాను. ఏడుపు ఆగలేదు.

"తిట్టండి టీచరమ్మా. సెప్పుచ్చుకు కొట్టండి."

"నిన్నేమని తిట్టను? మీ లైను రూలు నాకు తెలీదా?" అంది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

సమాధి మట్టివైపు చూస్తూ చెప్పింది.

"సిస్టరమ్మ అన్నం కలిపి నోటి దగ్గర పెట్టిందట. పళ్లు బిగబట్టుకుని తలుపు వైపే చూశారట. ఆకలితోనే పోయారు, పైడిబాబూ."