మెడలో చెక్క

2024 సెప్టెంబరు ఇరవై ఆరవ తేదీ, గురువారం, ఉదయం పదకొండు గంటలు. నర్సీపట్నంలోని ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాల, ప్రిన్సిపాల్ గది. హాజరైనవారు: ప్రిన్సిపాల్ తాతాజీ గారు, ఇంగ్లీషు అధ్యాపకురాలు వెంకటదుర్గ, గాయపడిన విద్యార్థి ధర్మతేజ తండ్రి అయిన రోలుగుంట చెరకు రైతు మన్మథరావు గారు, కొట్టిన విద్యార్థి దేవుళ్లు, బీకాం మొదటి సంవత్సరం, అతని తల్లి సోమలమ్మ, చింతపల్లి కొండల మీది ఊరు. ధర్మతేజ హాజరు కాలేదు. దవడ ఎముక రెండుచోట్ల విరిగి, పళ్ళను తీగతో బిగించి కట్టగా, విశాఖపట్నం ఆసుపత్రిలో ఉన్నాడు.

ఇంతవరకూ వెంకటదుర్గ తన గుండ్రటి దస్తూరీతో రాసి కలం ఆపింది. ఎదురుగా బల్ల మీద, పేపర్‌వెయిట్ పక్కన, ఆ చెక్క ఉంది.

జానెడు పొడవు, నాలుగు వేళ్ళ వెడల్పు ఉన్న టేకు ముక్క. విరిగిన బెంచీలోంచి ఆగస్టు మొదటి వారంలో ఆమే కోయించింది. పైన బెజ్జం వేయించి పురికొస కట్టించి, 'నేను తెలుగు మాట్లాడాను' అని ఎర్ర రంగుతో ఇంగ్లీషులో రాసింది. నియమం చాలా సులువు. సంభాషణ తరగతిలో ఎవరి నోట తెలుగు వస్తే వారి మెడలో చెక్క పడుతుంది. దాన్ని వదిలించుకోవడానికి ఒకటే దారి: తెలుగు మాట్లాడిన మరొకరిని పట్టుకుని వారి మెడలో వేయడం. గంట కొట్టేసరికి చెక్క ఎవరి మెడలో ఉంటే వారికి ఇంటర్నల్స్‌లో ఒక మార్కు పోతుంది. చిన్నప్పుడు ఆమె చదివిన కాన్వెంటులో ఇలాంటిదే రేకుముక్క ఒకటి ఉండేది. దాన్ని తలుచుకుని ఏడుస్తూనే ఆమె ఇంగ్లీషు నేర్చుకుంది. నేర్చుకున్న సంగతి గుర్తుండిపోయింది. ఏడ్చిన సంగతి మరుగున పడింది.

మొదటి పది రోజులూ తరగతి నవ్వులతో సాగింది. తరవాత వెనక బెంచీవాళ్ళు ఒక సంగతి కనిపెట్టారు. ఒళ్ళు మండినప్పుడు మనిషి నోట వచ్చేది నేర్చుకున్న భాష కాదు. గట్టిగా గిల్లితే చాలు, 'అమ్మా' అంటారు. అంటే చెక్క వాళ్ళది. గిల్లుడు పోయి గుద్దులొచ్చాయి. గుద్దులు పోయి కంపాస్ ముల్లు వచ్చింది. ఇదంతా వెంకటదుర్గ గడిచిన మూడు రోజుల్లో పిల్లల్ని ఒక్కొక్కరినీ విడిగా అడిగి తెలుసుకుంది. అంతకుముందు ఆమెకు తెలిసింది ఒక్కటే: తరగతిలో తెలుగు వినబడటం లేదు. ఆ సంగతి స్టాఫ్ రూములో గొప్పగా చెప్పుకుంది కూడా.

ధర్మతేజ నోటి దురుసు మనిషి. చెక్క తొమ్మిదిసార్లు అతని మెడలోనే మిగిలింది. ఇంకొక్కసారి మిగిలితే పరీక్షకు కూర్చోనివ్వనని ఆమె హెచ్చరించింది. తరగతిలో ఒక్కసారైనా చెక్క వేసుకోనివాడు దేవుళ్లు ఒక్కడే. వాడి నోట 'అమ్మా' అనిపించాలని వెనక బెంచీ పందెం కట్టింది. పదకొండు రోజులు ముల్లుతో పొడిచారు. వాడు పెదవి కొరుక్కున్నాడు తప్ప నోరు విప్పలేదు.

సోమవారం నాడు ఆమె నల్లబల్ల మీద 'వైద్యుడి దగ్గర' అనే సంభాషణ రాస్తోంది. 'మీకు ఎక్కడ నొప్పిగా ఉంది?' అన్న వాక్యం సగంలో ఉండగా వెనక బెంచీ దబ్బుమన్న చప్పుడైంది. తిరిగి చూసింది. బెంచీ ఒక కొసన మెడలో చెక్కతో ధర్మతేజ, మరో ఇద్దరు ఇరుక్కుని కూర్చున్నారు. కింద నేల మీద, ఆ బెంచీ కాలి దగ్గర, దేవుళ్లు గొంతుక్కూర్చుని ఉన్నాడు. పడిపోయిన కలం కోసం వంగాడనుకుంది. వాడి ముఖమంతా చెమట.

"ఎనీ ప్రాబ్లం, దేవుళ్లు?"

"నో మేడమ్. ఐయామ్ ఫైన్, థాంక్యూ."

"వెరీ గుడ్," అని ఆమె నల్లబల్ల వైపు తిరిగింది.

మిగతా సగం వాక్యం పూర్తయ్యేలోపు జరిగింది. దేవుళ్లు బెంచీ కాలి కింద నలిగిన ఎడమ చేతిని లాక్కున్నాడు. రెండు గోళ్ళు అక్కడే ఉండిపోయాయి. లేచి, ధర్మతేజ మెడలోని పురికొసను ఆ నెత్తుటి చేతికే రెండు చుట్లు చుట్టుకుని తలను ముందుకు గుంజాడు. కుడిచేత్తో చెక్కను పట్టుకుని ముఖం మీద కొట్టాడు. మొదటి దెబ్బకి పెదవి చిట్లింది. రెండో దెబ్బకి చెరకుగడ కణుపు దగ్గర విరిగిన చప్పుడైంది. ధర్మతేజ నేల మీద పడ్డాడు. తాడు చేతిలోనే ఉంది గనక వాడూ మోకాళ్ళ మీద కూలబడి మళ్ళీ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. పళ్ళు రెండు నేల మీద దొర్లాయి. ఇంత జరుగుతున్నా వాడి గొంతులోంచి చిన్న మూలుగైనా రాలేదు. అరిచింది ధర్మతేజే.

"అమ్మా! సచ్చిపోనానమ్మా!"

వెనకనుంచి ఎవరో, నెలన్నరగా పడిన అలవాటుకొద్దీ, ఠక్కున చెయ్యెత్తారు: "మేడమ్! తెలుగు, తెలుగు!"

ఎవరో ఇద్దరు నవ్వారు కూడా.

"రాయమ్మా, ఆగిపోయేవేటి?" అన్నారు తాతాజీ గారు. "ఏ కారణమూ లేకుండా, తోటి విద్యార్థి మీద హత్యాయత్నంగా దాడి చేసెను. అక్కడికి ఫుల్‌స్టాప్ పెట్టు. టీసీలో ప్రవర్తన బాగులేదని నేను రాస్తాను. ఈ కాగితం పట్టుకుని మన్మథరావు గారు స్టేషనుకి వెళ్తారు."

"చెక్క సంగతి, సార్?"

"బెంచీ ముక్క అని రాయి. దాని మీద అక్షరాలేటి, తాడేటి, కాగితంలోకి రాకూడదు. నీ ఉద్యోగానికీ మంచిదే, కాలేజీకీ మంచిదే." గొంతు తగ్గించి అన్నారు: "కొండ మీదోడు. ఇంకోచోట చదువుకుంటాడులే."

ఆ టీసీతో ఇంకో కాలేజీ వాడిని గేటు దాటనివ్వదు. కేసు పడితే కొండ దిగడమే ఉండదు. సోమలమ్మ ఇదేదీ తెలియక, గోడవార నిలబడి, కొడుకు కట్టుకట్టిన చేతినే చూస్తోంది.

మన్మథరావు గారు అంతవరకూ కుర్చీ అంచున కూర్చుని ఉన్నారు. మూడు రోజులుగా గడ్డం గీసుకోలేదు, నిద్రపోలేదు. దిగ్గున లేచి దేవుళ్లు ముందుకొచ్చారు.

"మావోడు గొట్టంతో జావ తాగుతున్నాడ్రా. ఎందుకు కొట్టేవో ఒక్క ముక్క సెప్పు."

దేవుళ్లు పెదవి కొరుక్కున్నాడు.

"నోరు లేదేట్రా?" చాచి కొట్టారు. వాడి తల గోడకి తగిలింది. "సెప్పు!" రెండో చెంప. "ఏడుపన్నా రాదేట్రా నీకు? రాయివా, మనిషివా?" మూడోసారి పిడికిలితో కొట్టారు. ముక్కులోంచి నెత్తురు చొక్కా మీదికి కారింది.

"వద్దండీ, కూర్చోండి," అన్నారు తాతాజీ గారు, తాము కూర్చున్నచోటునుంచి కదలకుండానే.

సోమలమ్మ మధ్యలోకి దూరింది. "సాలు బావూ! నన్ను కొట్టు బావూ, గుంటడు సచ్చిపోతాడు!"

ఆయన ఆమెను మోచేత్తో తోసేశారు. బీరువాకి భుజం కొట్టుకుని ఆమె కింద పడింది. అప్పుడు కూడా దేవుళ్లు నోరు తెరవలేదు. పళ్ళు బిగించి, కింద పడ్డ తల్లినొకసారి, బల్ల మీదున్న చెక్కనొకసారి చూశాడు.

ఆ చూపు వెంకటదుర్గకు అర్థమైంది. ఎదురుగా ఇంగ్లీషు మేడమ్ ఉంది. బల్ల మీద చెక్క ఉంది. వాడి లెక్కలో తరగతి ఇంకా ముగియలేదు.

ఆమె లేచి, మన్మథరావు గారికీ వాడికీ నడుమ నిలబడింది. ఎత్తిన పిడికిలి ఆమె భుజానికి తగిలి ఆగింది. చెయ్యి చాచి చెక్కను అందుకుంది. ఎండిన నెత్తుటితో బిరుసెక్కిన పురికొసను తన మెడలో వేసుకుంది. దేవుళ్లు ఎదుట ఆమె తెలుగు మాట్లాడటం అదే మొదటిసారి.

"ఇది నా దగ్గరే ఉంటుంది నాయనా. ఇంక ఎవరికీ ఇవ్వను. నీ మాటలో నువ్వు చెప్పు."

నెలన్నరగా లోపల తొక్కిపెట్టిందంతా ఒక్కసారిగా బయటపడింది. "అమ్మా!" అని వాడు పెట్టిన కేకకి వరండాలోని పిల్లలు కిటికీ దగ్గరికొచ్చారు. నేల మీదున్న తల్లి ఒళ్ళో ముఖం పెట్టుకుని వాడు చెప్పాడు. బెంచీ ఎత్తింది, చెయ్యి పెట్టించింది, ముగ్గురు ఎక్కి కూర్చున్నది. ప్యాంటు పైకి లాగి తొడ చూపించాడు. ముల్లుగాట్లు చీమల బారులా ఉన్నాయి. కొన్ని చీము పట్టాయి.

"మార్కులు పోతే స్కాలర్‌షిప్ తీసేత్తారని సెప్పేరమ్మా. అందుకే అరవనేదు."

మన్మథరావు గారు ఆ తొడను చూశారు. పిడికిలి విప్పారు, మళ్ళీ బిగించారు. "కింద పడ్డాక కూడా కొట్టేడు గదండీ," అన్నారు చివరికి, ఎవరితోనో తెలియనట్టు.

"కొట్టాడండీ. అది కూడా రాస్తున్నాను," అంది వెంకటదుర్గ.

మెడలో చెక్కతోనే కూర్చుని, రాసిన కాగితం పక్కన పడేసి, మరో కాగితం తీసుకుంది. చెక్కను తానే చేయించానని రాసింది. నియమం తనదేనని రాసింది. పదకొండు రోజుల ముల్లుగాట్లు, బెంచీ కాలు, ఊడిన గోళ్ళు, పేర్లతో సహా రాసింది. ధర్మతేజ కింద పడ్డాక దేవుళ్లు కొట్టిన దెబ్బలు రెండని రాసింది. తాను తిరిగి చూసి, చెమట పట్టిన ముఖాన్ని చూసి, 'వెరీ గుడ్' అన్నానని రాసింది. ఆ వాక్యం దగ్గర మాత్రం కలం కాసేపు నిలిచింది.

"అమ్మా, ఈ కాగితం బయటికెళ్తే రేపట్నుంచి నువ్వు కాలేజీకి రానక్కర్లేదు," అన్నారు తాతాజీ గారు. "ఇలాగిచ్చేయ్, నా దగ్గర ఉంచుతాను."

"మీ దగ్గరుంటే ఇది ఉండదు సార్. మీరు ఆ టీసీ రాస్తే ఇది స్టేషనుకి వెళ్తుంది. రాయకపోతే ఈ సోమలమ్మ దగ్గరే ఉంటుంది."

తాతాజీ గారు మన్మథరావు గారి వైపు చూశారు. ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. కొడుకు పేరు ఆ కాగితంలో మూడుచోట్ల ఉంది. "ఆసుపత్రికి బేగి ఎల్లాలి," అని మాత్రం అని, ఎవరి ముఖమూ చూడకుండా బయటికి వెళ్ళిపోయారు. స్టేషను మాట మళ్ళీ ఎత్తలేదు. తాతాజీ గారు ఖాళీ టీసీ పుస్తకాన్ని సొరుగులోకి నెట్టారు.

వెంకటదుర్గ కాగితం అడుగున తెలుగులో సంతకం చేసి, తేదీ వేసి, నాలుగు మడతలు పెట్టి సోమలమ్మ చేతికిచ్చింది. చదువురాని సోమలమ్మ దాన్ని విప్పలేదు. కళ్ళకద్దుకోనూ లేదు. ఆకుపోక సంచిలో, నోటుబుక్కుల కోసం తెచ్చుకున్న డబ్బు కింద, అడుగుదాకా దోపి, సంచి మూతిని గట్టిగా ముడివేసి, రొంటిన దోపుకుంది.