ఏడో పోత

ఇనుము పోతపోసే ఫౌండ్రీ మూసేస్తున్నారన్న కాగితం గోడ మీద అంటించిన రోజున చక్రధరరావుకి మొదట గుర్తొచ్చింది తన ఉద్యోగం కాదు, ఏడో పోత. ఇలా అంటే నమ్మరుగానీ, బచేలీ ఇనుప గనిలో ముప్పై ఏళ్లుగా పోతలకు చెక్కతో నమూనాలు చెక్కుతున్న మనిషికి ఆ మాత్రం పిచ్చి ఉంటుంది.

సంగతి ఇది. కొండ మీద తవ్విన ఇనుప రాయి ఒక పెద్ద తొట్టిలోంచి జారి బెల్టు మీద పడుతుంది. వానాకాలం వస్తే తడి మట్టి ఆ తొట్టి లోపలి పలకలకు అట్టలు కట్టి, దారి మూసుకుపోతుంది. అప్పుడు మనుషులు గునపాలు పట్టుకుని లోపలికి దిగాలి. ఆ పనంటే అందరికీ హడలే. పలక నున్నగా కాకుండా ఏటవాలు గట్లతో ఉంటే మట్టి నిలవదేమో అన్నవాడు మాసా. ఆవపల్లి దగ్గరి పల్లెవాడు, పద్దెనిమిదేళ్లుగా కాంట్రాక్టు మీద ఇసుక అచ్చులు కట్టే పని. రావు చెక్కతో నమూనా చేసిస్తే, మాసా దాన్ని ఇసుకలో అద్ది, కరిగిన ఇనుము పోసేవాడు. అలా ఆరుసార్లు పోశారు. ఆరో పలక ఒక వానాకాలమంతా తొట్టిలో ఉంది, ఆ తొట్టి ఒక్కసారీ మూసుకుపోలేదు. కాకపోతే గట్లు తొందరగా అరిగిపోయాయి. ఏడోసారి ఇంకా గట్టి లోహంతో పోద్దామనుకున్నారు.

అంతలో పైనున్న పెద్దలకు ఖర్చులు తగ్గించాలని జ్ఞానోదయమైంది. రాయపూర్‌లో చవగ్గా పోసిస్తుంటే మనకు ఈ కొలిమి ఎందుకన్నారు. పర్మినెంటు మనిషి కాబట్టి రావుని స్టోర్సులో కూర్చోబెట్టారు. మాసా దగ్గర గేట్ పాస్ తీసుకుని పంపేశారు. చెక్క నమూనాలన్నీ తుక్కుతో కలిపి వేలం వేశారు. మాసా కోసం ఒక్క మాటైనా మాట్లాడలేదని రావుకి ఇప్పటికీ సిగ్గే.

రెండు వానాకాలాలు గడిచాయి. బయటినుంచి నున్నటి పలకలే వచ్చాయి, తొట్లు మూసుకుపోతూనే ఉన్నాయి. ఒకరోజు కొత్త ఇంజినీరు స్టోర్సుకి వచ్చాడు.

“రావ్‌జీ, మీ గట్ల పలక బాగా పనిచేసిందట కదా. డ్రాయింగ్ ఇవ్వండి. రాయపూర్ వాళ్లు ఏది గీసిస్తే అది పోసిస్తారు.”

రావు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఈ వంకన మాసాని మళ్లీ పిలిపించవచ్చని ఆశ కూడా పుట్టింది. ఆ సాయంత్రమే గీయడానికి కూర్చున్నాడు. పొడవు వచ్చింది, వెడల్పు వచ్చింది, గట్టు ఎత్తు దగ్గర పెన్సిలు ఆగిపోయింది. నమూనాలో తను చెక్కిన ఎత్తు అసలు ఎత్తు కాదు. నమూనా పైకి తీశాక, ఇసుకలో పడిన గాడుల్ని మాసా బొటనవేలితో మరికాస్త లోతుగా నొక్కేవాడు. ఎంత అని రావు ఎన్నడూ కొలవలేదు. అరిగిపోయిన పలకలో ఇక కొలవడానికేమీ మిగల్లేదు.

రెండు రోజులు సెలవు పెట్టి, బస్సులు మారి, చివర్లో నడిచి మాసా పల్లె చేరాడు. మాసా కళ్లంలో వడ్లు తూర్పారబడుతున్నాడు.

“ఏంది మేస్త్రీ, ఇంత దూరం వచ్చిండ్రు?”

“నీతో పనుండి వచ్చాను. ఆ గట్ల కోసం నువ్వు ఎంత లోతు నొక్కేవాడివి?”

మాసా చేట పక్కన పెట్టి, ఇంత మట్టి తడిపి బొటనవేలితో నొక్కాడు. చూశాడు. చెరిపి మళ్లీ మళ్లీ నొక్కాడు. రావు జేబులోంచి స్కేలు తీసి, నొక్కినప్పుడల్లా కొలిచాడు. మూడుసార్లకు మూడు కొలతలొచ్చాయి.

“ఇది ఆ ఇసుక గాదు మేస్త్రీ. ఆడ పిడికిట్ల పట్టుకుంటే ఎంత తడుందో తెలిసేది, దాన్నిబట్టి ఏలు ఆగేది. ఈడ చెయ్యి చెప్తలేదు. ఒక్కసారి పోసి చూస్తే తెలుస్తది.”

“ఎక్కడ పోస్తాం మాసా? కొలిమే లేదు గదా.”

“మరి నన్నడిగితే ఏం లాభం?”

కోపంతో అన్న మాట కాదు, నిజంగానే అడిగాడు. రావు స్కేలు జేబులో పెట్టుకున్నాడు. మాసా ఇంట్లో అన్నం తిని తిరుగు ప్రయాణమయ్యాడు.

మర్నాడు ఇంజినీరుకి ఉన్నదున్నట్టు చెప్పాడు. కొలత తెలియాలంటే ఎక్కడో ఒకచోట రెండు మూడు పోతలు పోసి చూడాలి, మాసాని పిలవాలి.

“అలాంటి ఖర్చు బడ్జెట్‌లో లేదు రావ్‌జీ. ఏదో ఒక నంబరు వేసేయండి, ఇవాళే పంపాలి,” అన్నాడు ఇంజినీరు. మంచివాడే పాపం, అతనికీ పైనుంచి తొందర.

పోసి చూడని కొలతని కాగితం మీద పెట్టి రావు ఎరగడు. ఆరోజు గట్టు ఎత్తు దగ్గర నలభై మిల్లీమీటర్లని రాశాడు. రాస్తుంటే ఏడుపొచ్చినంత పనైంది. కాగితం మూడు బల్లలు దాటింది. ముగ్గురూ సంతకాలు పెట్టారు. నలభయ్యే ఎందుకని ఒక్కరూ అడగలేదు. మాసా అయితే అడిగేవాడు.