సగం తుడిచిన ఆకులు

ఎదురింటిని కూలగొట్టడం మొదలుపెట్టాక అత్తాకోడళ్ల మధ్య కొత్త గొడవేమీ పుట్టలేదు. పాతదే పదునెక్కింది. కిటికీలు ఎంత బిగించినా సిమెంటు దుమ్ము సందుల్లోంచి దూరి, తెల్లారేసరికి గచ్చు మీదా బల్లల మీదా మొక్కల మీదా పరుచుకునేది. గచ్చూ బల్లలూ కోడలి వంతు. మొక్కలు అత్తగారివి.

కోడలు తుడిచిన బల్ల మీద అత్తగారు వేలితో గీసి, ఆ వేలిని కళ్ల దగ్గర పెట్టుకుని చూసేది. ఏమీ అనేది కాదు. ఆ అనకపోవడానికే కోడలికి ఒళ్లు మండేది.

మొక్కల దగ్గర మాత్రం అత్తగారికి వంక పెట్టడం ఎవరి తరమూ కాదు. కొడుకు పనికి బయల్దేరగానే ఆమె గిన్నెలో నీళ్లు, ఒక పాత బనియను గుడ్డ పట్టుకుని వంటింటి కిటికీ దగ్గర మొదలుపెట్టేది. తర్వాత హాలు. ఆఖరున తన గది. ఎడమ అరచెయ్యి ఆకు కింద ఆనించి, కుడిచేత్తో తొడిమ నుంచి కొస దాకా తుడిచేది. నూగున్న ఆకులకు తడి తగలనిచ్చేది కాదు, వాటికి కుంచె వాడేది. నూనె రాస్తే మెరుస్తాయి కదా అని కోడలు ఒకసారి అంది.

"మెరిసి ఎక్కడికి వెళ్లాలి, పెళ్లికా? వాటికి ఊపిరాడితే చాలు" అంది అత్తగారు.

కోడలు బట్టల ఫ్యాక్టరీలో కుట్లు తనిఖీ చేస్తుంది. ఆ రోజు మధ్యాహ్నం షిఫ్టు. వంట ముగించి, టీ కప్పుతో హాల్లోకి వచ్చింది. సోఫా పక్కన ఆమెంత ఎత్తు రబ్బరు మొక్క ఉంది. కుడివైపు ఆకులు నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఎడమవైపు ఆకుల మీద దుమ్ము అలాగే ఉంది.

కోడలు ముందు నమ్మలేదు. వేలితో గీసింది. వేలిని కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. తర్వాత సోఫాలో కూర్చుని ఆ టీని చివరి గుక్క దాకా తాగింది. ఇప్పుడే అనాలా, రాత్రి మొగుడి ముందు అనాలా అని ఆలోచించింది. రాత్రి దాకా ఆగడం తన వల్ల కాదనిపించింది.

అత్తగారు గదిలో నేల మీద కూర్చుని, ఇటు వీపు పెట్టి మనీప్లాంటు తుడుస్తోంది.

"ఏంటత్తయ్యా, రబ్బరు మొక్కకి ఇవాళ సగం స్నానమేనా? మిగతా సగం రేపా?"

"కళ్లు దొబ్బాయా నీకు? శుభ్రంగా తుడిచాను."

గొంతులో ఎప్పటి కారమే ఉంది. కోడలు నవ్వబోయి ఆగింది. అత్తగారి ఎడమ చెయ్యి ఒళ్లో పడి ఉంది. గుడ్డ లాగినప్పుడల్లా కింద ఆసరా లేని ఆకు ఒరిగిపోతోంది. నేల మీద రెండు ఆకులు చిరిగి పడి ఉన్నాయి. ఈ ఇంటికి వచ్చాక ఆమె చేతిలో ఆకు చిరగడం కోడలు ఎన్నడూ చూడలేదు.

ఒంగి కుండీని చూసింది. ఎడమవైపు ఆకుల జోలికే పోలేదు. మధ్యలో ఉన్న ఆకులను సరిగ్గా నడిమి ఈనె దాకా తుడిచి ఆపేసింది. ఏ ఆకు చూసినా అంతే. ఒకే తప్పు, ఒకే వైపు, వరసగా. ఫ్యాక్టరీలో ఇలాంటి కుట్టు వస్తే కుట్టేవాళ్లను తిట్టరు. మిషను ఆపుతారు.

కోడలు కుండీని వెనక్కి తిప్పింది.

"ఇదెక్కడి దుమ్ము? ఇప్పుడే కదా తుడిచాను" అంటూ అత్తగారు తన కుడివైపుకు వచ్చిన ఆకులను గబగబా తుడిచింది. ఆ తర్వాత తల ఎత్తింది. నోరు ఒక పక్కకు కొద్దిగా జారి ఉంది. "నువ్వు పోశావా?"

"అత్తయ్యా, ఎడం చెయ్యి ఒకసారి పైకెత్తండి."

"ఎందుకూ?"

"ఎత్తండి, చెబుతాను."

"ఎత్తానుగా."

చెయ్యి ఒళ్లోనే ఉంది.

కోడలు హాల్లోకి వెళ్లి అంబులెన్సుకు ఫోన్ చేసింది. వీధికి అడ్డంగా ఎదురింటి లారీలు ఉన్నాయని చెబితే, చుట్టూ తిరిగి రావాలి, ఆలస్యమవుతుందన్నారు. భర్తకు చేసింది. "డాక్టరంటే అమ్మ కదలదు. ఏదో ఒకటి చెప్పి టాక్సీ ఎక్కించు. నేను ఆసుపత్రికి వచ్చేస్తా" అన్నాడు.

ఆమె దాచకుండానే చెప్పి చూసింది. "మీకు ఒంట్లో బాలేదత్తయ్యా. ఆసుపత్రికి వెళ్దాం."

"నాకేం రోగం? నా పనికి వంక దొరక్క నాకు జబ్బు అంటగడుతున్నావా?" అత్తగారు కుడిచేత్తో మంచం కోడు పట్టుకుంది. కోడలు విడిపించబోతే ఇంకా బిగించింది.

లాక్కెళ్లేంత బలం కోడలికి లేదు. మంచం కోడు పట్టుకున్న ఆ వేళ్లను చూస్తూ, "నేనే పోశాను" అంది.

"ఏంటీ?"

"దుమ్ము. ఎదురింటి దగ్గర్నుంచి చేటెడు తెచ్చి చల్లాను. నేను తుడిచిన బల్లల మీద మీరు వేలు పెట్టి చూస్తారుగా. ఒళ్లు మండి చేశాను."

అందులో ఆఖరి మాట నిజమే కాబట్టి మొత్తం నిజంలాగే వినిపించింది.

"వాడితో చెబుతాను" అంది అత్తగారు.

"చెప్పండి. సాయంత్రం దాకా ఆగితే మాత్రం నేను మాట మార్చేస్తాను. ఇప్పుడే పదండి, ఆయన పనిచేసే చోటికి. నలుగురి ముందూ చెప్పండి."

అత్తగారు మంచం కోడు వదిలేసింది.

వీధి వైపు దారి లేదు, అందుకని కోడలు టాక్సీని వెనక సందు చివరికి పిలిచింది. వంటింట్లోంచి వెనక సందులోకి వెళ్లాలి. అత్తగారు కుడికాలికి చెప్పు వేసుకుని, రెండోది వదిలేసి నడవబోయింది. కోడలు కింద కూర్చుని ఆ చెప్పు తొడిగింది. ఆమె బరువంతా భుజం మీద వేసుకుని హాలు దాటుతూ రబ్బరు మొక్కను మళ్లీ చూసింది. కింది ఆకులు రెండువైపులా శుభ్రంగా ఉన్నాయి. సగాలు మొదలైంది పైన. వంటింటి కిటికీలో నాలుగు కుండీలకూ దుమ్ము లేదు, ఏ వైపూ. చూసింది గానీ, అప్పుడు దాని గురించి ఏమీ అనుకోలేదు.

టాక్సీలో అత్తగారు ఫిర్యాదు మొదలుపెట్టింది. "నువ్వు చెప్పు బాబూ, అత్త మొక్కల మీద దుమ్ము పోసే కోడలు ఎక్కడైనా ఉంటుందా?"

"మా ఇంట్లో మొక్కలే లేవమ్మా, బతికిపోయాం" అన్నాడు డ్రైవరు. అద్దంలో ఆమె మొహం చూశాడు. మళ్లీ జోకు వెయ్యలేదు. బండి వేగం పెంచాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అత్తగారి రెండు చేతులూ ఎత్తి వదిలింది. ఎడమది పడిపోయింది. తలలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చంది. స్కానింగుకు పంపమని నర్సుతో చెప్పి కోడలి వైపు తిరిగింది.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"ఇందాక చూశానండీ."

"మీరు ఎప్పుడు చూశారని కాదు. ఎప్పుడు మొదలైంది? గడ్డ కరగడానికి ఇంజెక్షన్ ఉంది, మొదలైన కొన్ని గంటల్లోపే ఇవ్వాలి. నిద్రలోనే వచ్చి ఉంటే ఇవ్వడం ప్రమాదం. పొద్దున ఎవరైనా ఆవిడ మొహం చూశారా?"

ఎవరూ చూడలేదు. కొడుకు గడప దాటుతూ కేకేస్తే గదిలోంచి సరే అంది. వంటింట్లో కోడలు పొయ్యి వైపు, ఆమె కిటికీ వైపు తిరిగి ఉన్నారు. మాట్లాడుకోలేదు. మాట్లాడుకోకపోవడం వాళ్లకు అలవాటే.

"గుర్తు తెచ్చుకోండమ్మా."

కోడలికి మొహాలేవీ గుర్తు రాలేదు. ఆకులు గుర్తొచ్చాయి.

"వంటింట్లో ఉన్నంతసేపూ బాగానే ఉందండీ. అక్కడి మొక్కలు పూర్తిగా తుడిచింది. హాల్లో రబ్బరు మొక్క కింది ఆకులు కూడా రెండువైపులా తుడిచింది. పైకొచ్చేసరికి సగం సగం. ఆ మధ్యలోనే వచ్చింది."

"అవి నిన్న తుడిచినవేమో?"

"లేదు. రాత్రికి రాత్రే దుమ్ము పడుతుంది. ఎదురిల్లు కూలగొడుతున్నారు. ఎడం చెయ్యి కింద పెట్టకుండా ఆకు తుడవదు ఆవిడ. వంటింటి ఆకులు ఒక్కటీ చిరగలేదు."

"అప్పుడు టైమెంత?"

కొడుకు బయల్దేరిన వేళ నుంచి లెక్కగట్టి కోడలు చెప్పింది.

"చూశాక ఎంతసేపటికి బయల్దేరారు?"

"ముందు టీ తాగానండీ." ఇక్కడితో ఆపినా ఎవరూ అడగరు. "తప్పు దొరికిందని సంతోషంగా కూర్చుని తాగాను."

డాక్టరమ్మ రాసుకుంటూనే ఉంది. "ఇంకా టైముంది" అని మాత్రం అని, స్కానింగు గది వైపు నడిచింది. లోపలి నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఆ పిల్ల ఒప్పుకుంది. అది కూడా రాసుకోండి."

స్కానింగులో రక్తస్రావం కనపడలేదు. ఇంజెక్షన్ ఇచ్చారు. కొడుకు వచ్చి మంచానికి కుడిపక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అత్తగారు అతనికి దుమ్ము సంగతి మొదటి నుంచీ చెప్పింది. అతను అన్నింటికీ తల ఊపాడు.

కోడలు ఎడమపక్కన నిలబడింది. అత్తగారు అటు చూడలేదు. నర్సు వచ్చి బీపీ చూసి వెళ్లింది. మళ్లీ వచ్చి చూసింది. కూర్చోమని కొడుకు సైగ చేశాడు. కోడలు అక్కడి నుంచి కదల్లేదు. దుప్పటి మీద అత్తగారి ఎడమ చేతి వేళ్లనే చూస్తోంది. చాలాసేపటికి చూపుడువేలు కదిలినట్టు అనిపించింది. తన భ్రమేమో అనుకుని మళ్లీ చూసింది.

అత్తగారి తల దిండు మీద మెల్లగా ఇటు తిరిగింది. చూపు మంచం అంచు దాకా వచ్చి ఆగింది. కొంతసేపటికి అక్కడి నుంచి పైకి లేచింది.

"ఎప్పుడొచ్చావు నువ్వు?" అంది.

"ఇప్పుడే అత్తయ్యా."