పదో బోల్టు

కారు నడపడం వచ్చిన వాళ్లలో సగం మందికి ఇంజను వేడి చూపించే ముల్లు ఎందుకుందో తెలియదు. అది ఎర్రగీత దాటితే బండి పక్కకు ఆపి, ఇంజను కట్టేసి, నోరు మూసుకొని కూర్చోవాలి. నా గ్యారేజీకి వచ్చే కళ్లజోడాయన మాత్రం ఇంకో పది కిలోమీటర్లేగా అని నడిపాడు. హెడ్ గ్యాస్కెట్ కాలిపోయింది. ఇంజను దిమ్మకీ, దానిపైన కూర్చునే హెడ్‌కీ మధ్య ఉండే పలచని రేకు అది. నీళ్లు, నూనె, మంట ఒకదాని దారిలోకి ఒకటి పోకుండా కాపలా కాస్తుంది. అది కాలితే నీళ్లూ నూనే కలిసి పాలు పోసిన టీ రంగు జిగురు తయారవుతుంది.

గ్యాస్కెట్ ఒక్కటే అయితే నాకు రెండు రోజుల పని. కానీ హెడ్ కూడా పగిలింది. కారు చూస్తే ఇరవై ఆరేళ్ల కిందటిది. రెండే తలుపులు, నేలకు జానెడెత్తు, పందేలకు పనికొచ్చే ఇంజను. తయారుచేసినవాళ్లే దాన్ని ఎప్పుడో మరిచిపోయారు. తుక్కు యార్డులని, పాత సామాన్ల కొట్లని, పాత కార్ల పిచ్చివాళ్లని, కాళ్లకు బలపం కట్టుకొని తిరిగాను. గ్యాస్కెట్, బోల్టులు దొరికాయి, హెడ్ దొరకలేదు. చివరికి స్పేర్ పార్టుల కొట్టు పెద్దాయన కౌంటరు మీద మోచేతులాన్చి, నా వంక చూడకుండా అన్నాడు.

"ఊళ్లో అలాంటి కారు ఇంకోటి ఉంది కదా. నీకు తెలియనిదేముంది."

తెలుసు. అది మా అక్క ఇంటి వెనక షెడ్డులో ఉంది. మా బావ అందులోనే పోయాడు.

బావకు ఆ కారంటే ప్రాణం. దాని పని నా చేత తప్ప చేయించేవాడు కాదు. తాళాలు నా చేతిలో పెడుతూ ప్రతిసారీ ఒకే సామెత చెప్పేవాడు. "బావమరిది బతకగోరు, దాయాది చావగోరు అన్నారు. అందుకే నీ దగ్గరికి తెచ్చా, బామ్మర్దీ." విని విని నాకు ఆ సామెత మీద విసుగు పుట్టింది. ఇప్పుడు ఎవరి నోటయినా వింటే అక్కడ నిలబడలేను.

ఆరేళ్ల కిందట ఆ కారుకు హెడ్ గ్యాస్కెట్ నేనే మార్చాను. హెడ్‌కు పది బోల్టులుంటాయి. మధ్యలో మొదలుపెట్టి అంచులకు పోతూ మూడు విడతలుగా బిగించాలి. ఆఖరి విడతలో ఒక్కో బోల్టు బిగించగానే దాని తల మీద పసుపు రంగు చుక్క పెట్టడం నా అలవాటు. చుక్క ఉంటే పని అయినట్టు. ఆ రోజు బావ నా వెనకే నిలబడి, చెవిలో జోరీగలా, "అయిందా? ఇంకా ఎంతసేపు?" అని ఒకటే తొందర. ఇంజను పైమూత బిగించి ఇచ్చేశాను. పదకొండో రోజు పొద్దున, ఊరి బయట మలుపులో కారు అదుపు తప్పి పక్కవాటుగా గోడకు కొట్టుకుంది.

అతివేగం అని కాగితాల మీద రాశారు. చూసినవాళ్లలో ఒకడు మాత్రం ఇంజను ముందే ఆగిపోయినట్టుంది, చప్పుడు వినపడలేదు అన్నాడు. ఇంజను ఆగితే ఆ కారు స్టీరింగు బండరాయిలా బిగుసుకుంటుంది. ఆ మాట విని అక్క నా ముఖంలోకి చూసి, "నువ్వు చేసిన బండేగా," అంది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. కారును షెడ్డులోకి తోయించి తాళం వేసుకుంది.

ఆ రోజు నుంచీ నేను పది బోల్టులూ లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. తొమ్మిదింటి మీద చుక్క పెట్టడం గుర్తుంది. పదోది గుర్తులేదు. బిగించానా, లేదా? ఒక్కటి వదులుగా ఉన్నా గ్యాస్కెట్ కాలి ఇంజను ఆగిపోవచ్చు. షెడ్డు తెరిచి మూత తీస్తే తేలిపోయేది. కానీ తీయమని నేనెన్నడూ అడగలేదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. తాళం ఆమెదే కానీ, భయం నాది.

పెద్దాయన నోరు ఊరుకోదు. మర్నాడే అక్క ఫోను చేసింది.

"హెడ్ కావాలంట కదా."

"వేరే చోట చూస్తున్నానక్కా."

"వచ్చి విప్పుకో. కానీ నా ముందే విప్పాలి. లోపల ఎలా ఉందో నాకు చెప్పాలి."

కళ్లజోడాయన కారు ఒక సాకు, అంతే. ఆమెకు తేల్చుకోవాలనుంది. గుండె రాయి చేసుకొని పానాల పెట్టె తీసుకొని వెళ్లాను.

షెడ్డు తలుపు తీస్తే చెమ్మ వాసన కొట్టింది. టార్పాలిన్ లాగాను. డ్రైవరు వైపు తలుపు సీటు దాకా నలిగిపోయి ఉంది, ఇంజను వైపు పెద్దగా దెబ్బ లేదు. ఆ తలుపు నా కంట పడకుండా ఇటు వైపు వచ్చి నిలబడ్డాను. అక్క ఖాళీ డబ్బా ఒకటి బోర్లించి కూర్చుంది. జుట్టు బాగా నెరిసింది. ఎప్పుడు నెరిసిందో నాకు తెలియదు.

మొదట నూనె మూత తిప్పాను. దాని అడుగున పాల టీ రంగు జిగురు సన్నగా అంటుకొని ఉంది.

"ఏంటది?" అంది అక్క.

"చెమ్మకి కూడా ఇలా వస్తుంది. ఇన్నేళ్లు కదలకుండా ఉంది కదా. విప్పితేగానీ చెప్పలేను."

చెప్పింది నిజమే. అయినా నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది.

గొట్టాలు, తీగలు, అడ్డొచ్చినవన్నీ ఊడదీయడానికి గంటన్నర పట్టింది. మధ్యలో అక్క లేచి, నేను అడగకముందే నాకు కావలసిన పానా అందించి మళ్లీ కూర్చుంది. పైమూత ఎత్తాను. చుక్కలు మాసిపోయినా కనపడుతున్నాయి. లెక్కపెట్టాను. తొమ్మిదే ఉన్నాయి.

అక్క కూడా లెక్కపెట్టినట్టుంది. వేలు చాపి చూపించింది.

"దానికి లేదే."

"లేదు."

విప్పేటప్పుడు అంచుల నుంచి మధ్యకు రావాలి. పదోది అంచుదే కాబట్టి దానితోనే మొదలు. సరిగా బిగించిన బోల్టు ఊరికే లొంగదు, బలమంతా పెట్టాక టక్కున చప్పుడు చేసి వదులుతుంది. బిగించనిది మూగగా తిరిగిపోతుంది. పొడుగు రెంచి తగిలించి నా బరువంతా వేశాను. కదల్లేదు. ఇంకా వేశాను. టక్కుమంది.

మిగతా తొమ్మిదీ అలాగే వదిలాయి. హెడ్ లేపి పక్కన పెట్టి, గ్యాస్కెట్ చేతిలోకి తీసుకున్నాను. నాలుగు పెద్ద గుండ్రటి రంధ్రాల అంచులూ చెక్కుచెదరలేదు. నీళ్ల దారికీ నూనె దారికీ మధ్య ఎక్కడా గీత కూడా పడలేదు. నా పని బావను చంపలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, సంతోషం వేసింది. ఆ సంతోషంతోనే తలెత్తి అక్కను చూశాను.

అక్క ముఖం పాలిపోయి ఉంది. రెండు చేతులూ ఒళ్లో బిగించి పట్టుకుంది. నా తప్పు లేదని ఎక్కడ చెబుతానో అని భయపడుతున్నట్టుంది. అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఆ రోజు కబురు విని నేను అక్క ఇంట్లోకి పరుగెత్తినప్పుడు బావ టిఫిన్ డబ్బా వంటింటి గట్టు మీదే ఉంది. బావ కారు తాళాలైనా మరిచిపోతాడేమో కానీ తిండి మరిచిపోయే మనిషి కాదు. ఎందుకు వదిలేసి వెళ్లాడో నేనెప్పుడూ అడగలేదు.

"చెప్పరా."

"పోయిందక్కా," అన్నాను. "ఇదిగో, ఇక్కడ కాలింది. నా పని సరిగ్గా లేదు."

అని ఒక మసి మరక చూపించాను. అక్క లేచి, గ్యాస్కెట్ నా చేతిలోంచి తీసుకొని తలుపు దగ్గర వెలుతురులోకి వెళ్లింది. బొటనవేలితో మరక తుడిచింది. తర్వాత ఒక్కో రంధ్రం చుట్టూ నిదానంగా వేలు తిప్పింది.

"ఇది ఉత్త మసి," అంది. "మీ బావ ఇవన్నీ తెచ్చి నాకు చూపించి చెప్పేవాడు. విననట్టు కూర్చునేదాన్ని. అన్నీ విన్నాను."

"అక్కా..."

"అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. నీకు చిన్నప్పటి నుంచీ చేతకాదు." గ్యాస్కెట్ మీంచి చూపు తిప్పకుండానే చెప్పింది. "ఆ పొద్దున పోట్లాడుకున్నాం. ఈ బండి గురించే. దాంతోనే కాపురం చేసుకో, మళ్లీ ఈ గడప తొక్కకు అన్నాను. డబ్బా కూడా తీసుకోకుండా పోయాడు. బండి ఆగిపోయిందంటే తప్పు నీది. బండి బాగానే ఉందంటే ఆ కోపంలో తోలాడని, తప్పు నాదని. అందుకే నీ మీద వేశాను. నా తమ్ముడివి కదా, మోస్తావనుకున్నాను."

నాకు ఆమె మీద కోపం రావాలి. ఆరేళ్లంటే తక్కువ కాదు. కానీ ఎంత వెతుక్కున్నా రాలేదు. రెంచి గుడ్డతో తుడుస్తూ నిలబడ్డాను.

"హెడ్ తీసుకెళ్లు," అంది. "ఈ రేకు ఇక్కడ ఉండనీ." తలుపు దగ్గర నుంచి వెనక్కి వచ్చి నా పక్కన నిలబడింది. "పదోదానికి చుక్క ఎందుకు పెట్టలేదు?"

"బావ తొందరపెట్టాడు. బ్రష్ ముంచేలోపే మూత తెచ్చి నా చేతికిచ్చాడు."

"ఆయనకెప్పుడూ తొందరే," అంది. "తిన్నా తొందరే, మెట్లు దిగినా తొందరే. నేను ఏమీ అనని రోజు కూడా ఆ మలుపులో అదే తొందర..."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. నా చేతి నల్ల నూనె ఆమె చేతికంతా అంటుకుంది. ఆరేళ్లుగా తన తప్పుకు తనూ, నా తప్పుకు నేనూ వేరువేరుగా ఏడ్చుకున్నాం. ఆ షెడ్డులో మొదటిసారి ఇద్దరం బావ కోసం ఏడ్చాం.