లిఫ్టు ఆగిన నిమిషం

"ఇవాళ కూడానా?" అంది ఆవిడ, అద్దం ముందు జడ వేసుకుంటూ.

"నీ నాటకం హాలు పక్కనే ఉందోయ్ ఆ పాత పుస్తకాల కొట్టు. ఇలా వెళ్లి అలా వచ్చేస్తాను," అన్నాడు మొగుడు.

ఇలా వెళ్లి అలా రావడం ఆయన వంశంలోనే లేదు. పాత పుస్తకం కనబడితే చాలు, మనిషికి ఒళ్లు తెలియదు. బట్టల బీరువాలో పుస్తకాలు, మంచం కింద పుస్తకాలు, వంటింటి అటక మీద పుస్తకాలు. ఒకే పుస్తకం మూడుసార్లు కొన్న ఘనత కూడా ఉంది. అడిగితే, "దీని అట్ట బాగుందోయ్" అంటాడు. పెళ్లయిన ఇరవై రెండేళ్లకి ఆ ఇంట్లో ఆవిడకంటూ మిగిలింది అద్దం ముందు జాగా ఒక్కటే. అదీ సగమే.

అందుకే ఇవాళ్టి గంట ఆవిడకి ప్రాణం. ఆవిడ పోస్టాఫీసులో పార్సిళ్లు తూచే మనిషి. భోజనాల వేళ అక్కడి గోదాములో గోడలకి చెప్పుకుంటూ మూడు నెలలు సాధన చేసిన ఏకపాత్ర నాటకం ఇవాళే. రాసింది తనే, ఆడేది తనే. అందులో లిఫ్టు నడిపే ఒక ఆడమనిషికి ఉద్యోగంలో ఆఖరి రోజు. చివర్లో లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోతుంది. నిండా ఒక నిమిషం మాట లేదు, కదలిక లేదు. ఆ నిమిషాన్ని నిలబెట్టడానికే నెలన్నర పట్టింది. ఊరంతా చూడకపోయినా సరే, అది ఆయన చూడాలి.

"ముందు వరుసలో మధ్య కుర్చీ మీది. అయిదింటికి మొదలు. గుర్తుంటుందా?"

"అయ్యో, గుర్తులేకేం!"

అయిదయింది. తెర లేచింది. కుర్చీ బోసిగా ఉంది. ఆవిడకి ఒళ్లు మండింది. ఆ మంటతోనే మొదలుపెట్టింది. చిత్రం, ఆట రక్తి కట్టింది. నవ్వాల్సిన చోట నవ్వారు, వెనక వరుసలో ఎవరో ముక్కు చీదారు. ఆవిడకీ హుషారొచ్చి కుర్చీ సంగతే మరిచిపోయింది. లిఫ్టు ఆగింది. హాలంతా ఊపిరి బిగబట్టింది.

పది క్షణాలు. ఇరవై. ముప్పై.

పక్క తలుపు కిర్రుమంది. చేతుల్లో రెండు కట్టలు, చంకలో ఒక పుస్తకం, వంగి వంగి వచ్చాడు మహానుభావుడు. వంగితే ఎవరికీ కనబడనని ఆయన నమ్మకం. ముఖం వెలిగిపోతోంది, మంచి సరుకే దొరికిందన్నమాట. కుర్చీ దాకా వచ్చాక పురికొస పుటుక్కున తెగింది. దబదబా డజను పుస్తకాలు నేల మీద పడ్డాయి.

"పుస్తకాలే, పుస్తకాలే! నువ్వు కానీయ్," అన్నాడు గుసగుసగా, హాలంతటికీ వినబడేలా.

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. "అయిందా? ఇంకా పడాల్సినవేమైనా ఉన్నాయా?"

"లేవోయ్. ఒక్కటి చంకలో ఉంది, అది పడదు."

హాలు విరగబడి నవ్వింది. ఈలలు, చప్పట్లు. ఇదంతా నాటకమే అనుకున్నారు జనం!

తెర పడగానే నాటక సంఘం కార్యదర్శి పరుగెత్తుకొచ్చాడు. "అద్భుతమమ్మా! ఆ పుస్తకాలాయన ఊడిపడటం ఉంది చూశారూ, ఏం ఊహండీ! వచ్చే నెల మళ్లీ వేద్దాం. సార్‌ని కూడా తప్పకుండా తీసుకురండి."

"మరి ఆ మౌనం ఎలా ఉందండీ?"

"ఏ మౌనం?"

ఆవిడకి ఏడుపొచ్చింది. పక్కన ఆయన పళ్లన్నీ బయటపెట్టి, "నాదేముంది లెండి, అంతా ఆవిడే" అంటున్నాడు. అంటూనే భార్య ముఖం చూశాడు. అప్పటికి గాని అయ్యగారి బుర్రకెక్కలేదు. కార్యదర్శి అటు వెళ్లేదాకా ఆగి, మెల్లగా అడిగాడు.

"పాడు చేశానా?"

"మూడు నెలలు గోడలకి చూపించాను," అంది ఆవిడ. "ఇవాళ మీకు చూపిద్దామని."

ఆయన చంకలోని పుస్తకాన్ని వెనక్కి దాచుకున్నాడు. "వచ్చే నెల నేను రానులే. నీ ఆట నువ్వు హాయిగా ఆడుకో," అన్నాడు.

"రాకపోతే కాళ్లు విరగ్గొడతాను!" అంది ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ. "నాలుగున్నరకే వచ్చి కూర్చోవాలి. చేతులూపుకుంటూ రావాలి."