మొండితనం కొలిచే గది

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం నా నోటి నుంచి వచ్చే "సరే" అంటేనే. బల్లికీ భయపడతాను, ఉరుముకీ భయపడతాను, పాపకు కాస్త ఒళ్ళు వెచ్చబడితే రాత్రంతా మేలుకుని కూర్చుంటాను. అవన్నీ ఒక ఎత్తు, ఈ మాట ఒక్కటీ ఒక ఎత్తు. ఎదుటివాళ్ళు అడగడం పూర్తికాకముందే జారిపోతుంది. తొమ్మిదో తరగతిలో నాన్న "ఇంక బడి చాల్లే" అన్నప్పుడూ, పెళ్ళప్పుడూ అంతే.

నేను అయస్కాంతాలు తయారుచేసే ఫ్యాక్టరీలో, పరీక్షలు చేసే గదిలో పనిచేస్తాను. కొలిమిలోంచి వచ్చిన ముక్కల్ని అద్దంలా మెరిసేదాకా అరగదీస్తాను. నీళ్ళు తగిలితే తుప్పు పడుతుంది, స్పిరిట్‌తోనే కడగాలి. అంట్లు తోమి తోమి ఆరితేరిన చేతులు కదా, పని ఇట్టే పట్టుబడింది.

పోయిన వారం ఆ పనిలో ఉండగా ఆయన ఫోన్ చేశారు. "అమ్మకి మోకాళ్ళ నొప్పులు. పాపని చూడలేనంటోంది. ఇవాళే మీ మేడంకి చెప్పేసి మానెయ్. ఆ వచ్చే జీతానికి ఇంత హైరానా అవసరమా? ఏమంటావ్?"

మాట పెదవి దాకా వచ్చింది. అంతలో మేడం "ఇలా రా, ఒకటి చూపిస్తా" అని పిలిచారు. "మళ్ళీ చేస్తానండీ" అని పెట్టేశాను.

"ఈ రెండు ముక్కలూ ఒకే పొడితో చేసినవే, బలంలో కూడా సమానమే" అన్నారు మేడం. "ఎదురు అయస్కాంత శక్తి పెట్టి ధ్రువాలు తిప్పబోతే ఒకటి ఇట్టే తిరిగిపోయింది. రెండోది మొండికేసింది. ఎందుకో చూడు."

మైక్రోస్కోపులో కన్ను పెట్టాను. మొండి ముక్కలో చిన్న చిన్న గింజలు, ప్రతి గింజ చుట్టూ సన్నని గీత. ఇట్టే తిరిగిపోయిన ముక్క కొలిమిలో ఎక్కువసేపు ఉండిపోయిందట. గింజలు బలిసి ఒకదానికొకటి అతుక్కుపోయాయి, గీతలు తెగిపోయాయి.

"ఇందులో ఒక గింజ తిరిగితే పక్కదాన్నీ తిప్పేస్తుంది, అది ఇంకోదాన్ని. మధ్యలో గీతలా కనబడే ఆ పొర ఉంటే దేని మటుకు అది నిలబడుతుంది."

"ఆ పొర కూడా అయస్కాంతమేనా మేడం?"

"దాదాపు కాదు."

"మరి దండగేగా?"

"దండగే. అది లేకపోతే మిగతాదంతా దండగ" అని నవ్వారు.

బలం వేరు, మొండితనం వేరు అని నాకప్పటిదాకా తెలియదు. నాకు బలం లేక కాదు. పాపను చంకనేసుకుని రెండో చేత్తో నిండు బకెట్ మోసేదాన్ని. కానీ మా ఇంట్లో అత్తయ్య అనుకున్నది ఆయన అనుకున్నట్టే, ఆయన అనుకున్నది నేను అనుకున్నట్టే. వాళ్ళ కోరికకీ నా నోటికీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ లేదు. "మా చిన్నకోడలికి ఎదురు చెప్పడమే తెలీదు" అని అత్తయ్య పదిమందిలో మెచ్చుకుంటే మురిసిపోయాను కూడా.

సాయంత్రం గుమ్మంలోనే అడిగారాయన. "చెప్పేశావా?"

చెప్పులు విప్పాను. చేతులు కడుక్కున్నాను. పాపను ఎత్తుకున్నాను.

"నిన్నేనే, చెవుడా?" అన్నారు అత్తయ్య.

"వినబడింది అత్తయ్యా. ఆలోచిస్తున్నా."

"ఆలోచించడానికదేమన్నా మంత్రి పదవా?"

"మానను. ఫ్యాక్టరీలో పిల్లల గది ఉంది. రేపట్నుంచి పాపని నాతోపాటే తీసుకెళ్తా."

"తొమ్మిదో క్లాసు మేధావి మాట్లాడుతోందిరోయ్" అని ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

అప్పటినుంచీ పాప నాతోనే వస్తోంది. బొమ్మలున్న ఆ గది గుమ్మంలో నన్నొదిలి చకచకా పాకిపోతుంది. ఇంట్లో మూతులు ముడుచుకునే ఉన్నాయి. ఉండనీ.

కానీ నేను తిరగనని తేలాక అత్తయ్య ఇంట్లో పెద్దకోడలైన నా తోడికోడలి వైపు తిరిగారు. అక్క బజారులో బట్టల దుకాణంలో మిషను కుడుతుంది. "పోనీ నువ్వుండవే ఇంట్లో, నా కాళ్ళు పట్టేవాళ్ళు..." అత్తయ్య మాట పూర్తికాలేదు, అక్క ఒప్పేసుకుంది.

వంటింట్లో నిలదీశాను. "ఎందుకొప్పుకున్నావక్కా?"

గిన్నె తుడుస్తూ అంది, "ఎవరో ఒకరు ఒప్పుకోవాలిగా."

పగలంతా నేను ఇంట్లో ఉండను. మీలో ఎవరైనా మా వీధిన వెళ్తుంటే ఒక్కసారి తలుపు తట్టండి. ఇంట్లో అందరూ బాగున్నారా అని మాత్రం అడగకండి. అక్క మటుకు అక్క ఎలా ఉందో చూసి రండి.